పదిహేను మంది అమ్మాయిలు, 200 నిమిషాలు

అమెరికాలో కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ సీజన్ ముగింపుకొచ్చి ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ప్లేయర్ల పేర్లు ఎక్కించే ఆన్‌లైన్ జాబితా) తెరుచుకుందంటే చాలు, ప్రతి ఏడూ అదే మాట చెవిన పడుతుంది. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదండీ. ఒక్క ఏడాది బెంచ్ మీద కూచోమంటే చాలు, బ్యాగు సర్దేసుకుంటారు." స్టేడియంలో నా వెనక వరసలో కూచునే పెద్దాయన అంటాడు, టీవీలో విశ్లేషకులు అంటారు, పిల్లల్ని ఆటల్లో పెట్టిన మన తెలుగు తల్లిదండ్రులు కూడా అంటారు. నాకు ఆ మాట వింటే బాధేస్తుంది. ఆడాలని కాలేజీకి వచ్చిన పిల్ల ఆడనిచ్చే చోటు వెతుక్కుంటే అందులో తప్పేముంది?

నేను అమెరికాలో ఒక యూనివర్సిటీ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేస్తాను. వేరే కాలేజీల నుంచి వచ్చే విద్యార్థుల మార్కుల పత్రాలు చూసి, అక్కడ చదివిన ఏ కోర్సు ఇక్కడ దేనికింద లెక్కకొస్తుందో తేల్చడం నా ఉద్యోగం. సాయంత్రం మ్యాచ్ ఉంటే మాత్రం అమ్మాయిల టీమ్ ఆట చూడకుండా ఇంటికి వెళ్లను. అందుకే ఈ వ్యవహారంలో రెండు కాగితాలూ నాకు బాగా తెలుసు. ఒకటి మ్యాచ్ అయ్యాక వచ్చే బాక్స్ స్కోర్, అంటే ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారో, ఎన్ని పాయింట్లు చేశారో చెప్పే పట్టిక. రెండోది ట్రాన్‌స్క్రిప్ట్, అంటే మార్కుల పత్రం. పోర్టల్ గురించి తీర్పులు చెప్పేవాళ్లలో చాలామంది మొదటిదాన్ని పైపైన చూస్తారు, రెండోదాని జోలికే పోరు.

ముందు బాక్స్ స్కోర్. మహిళల కాలేజీ ఆట 40 నిమిషాలు, పది నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు. కోర్టులో ఒకేసారి ఐదుగురు. అంటే మ్యాచ్‌కి ఒక కోచ్ చేతిలో ఉండేది మొత్తం 200 నిమిషాలు. టీమ్‌లో పదిహేను మంది. సమానంగా పంచితే తలా పదమూడు నిమిషాలు వస్తాయి, కానీ అలా ఎవరూ పంచరు. గట్టి మ్యాచ్‌లో ఏడెనిమిది మందే మొత్తం ఆడేస్తారు. మిగతా అమ్మాయిల్లో చాలామంది తమ హైస్కూల్లో బెస్ట్ ప్లేయర్లే, స్కాలర్‌షిప్ మీద వచ్చినవాళ్లే.

ఒకమ్మాయిని ఒక సీజనంతా గమనించాను. పేరు, ఊరు, టీమ్ చెప్పను. మ్యాచ్‌కి గంటన్నర ముందే వచ్చి కార్నర్ నుంచి మూడు పాయింట్ల షాట్లు వేస్తూ ఉండేది. బంతి అందించే స్టూడెంట్ మేనేజర్‌కి చేతులు నొప్పెట్టేవేమో గానీ ఈ పిల్ల ఆపేది కాదు. ఆట మొదలయ్యాక బెంచ్‌లో చివరి కుర్చీ తనది. టైమ్ అవుట్ పిలవగానే అందరికంటే ముందు లేచి, వచ్చేవాళ్లకు నీళ్ల సీసాలు అందించేది. ఒక రాత్రి మా టీమ్ పాతిక పైచిలుకు పాయింట్ల ఆధిక్యంలో ఉంది. కోచ్ బెంచ్ చివరికి చూసి చెయ్యి ఊపింది. అమ్మాయి వార్మప్ షర్ట్ గబగబా తీసేసి స్కోరర్ టేబుల్ ముందుకెళ్లి కూచుంది. కానీ బాస్కెట్‌బాల్‌లో ఆట ఆగితేనే మార్పు చేస్తారు. ఫౌల్ పడాలి, లేదా బంతి గీత దాటాలి. చివర్లో మిగిలిన ఆ నిమిషం పైచిలుకులో ఆట ఒక్కసారి కూడా ఆగలేదు. ఇటు వాళ్లు, అటు వీళ్లు తీరిగ్గా బంతి తిప్పుకుంటూ ఉన్నారు. గడియారం సున్నాకి వచ్చింది, బజర్ మోగింది. తను అక్కడే లేచి, అటునుంచటే ప్రత్యర్థులతో చేతులు కలిపే వరసలోకి వెళ్లిపోయింది. బాక్స్ స్కోర్‌లో తన పేరు ఎదురుగా ఆడలేదనే ఉంది. పక్క రాష్ట్రం నుంచి కారు నడుపుకుంటూ వచ్చిన ఆమె తండ్రి నాకు రెండు వరసల కిందే కూచుని ఉన్నాడు.

ఆ పిల్లకి ఓపిక లేదని ఎలా అంటాం?

"ప్రాక్టీసులో నేర్చుకోవచ్చు కదా" అంటారు. నేర్చుకుంటారు, కాదనను. కానీ అందులోనూ ఒక ఇబ్బంది ఉంది. మహిళల టీమ్‌లు చాలావరకు ప్రాక్టీసుకి అదే యూనివర్సిటీలో చదివే మగపిల్లల్ని పిలుస్తాయి. బలంగా, ఎత్తుగా ఉంటారు కాబట్టి తర్వాతి మ్యాచ్ ప్రత్యర్థిలా వాళ్లు ఆడతారు, మెయిన్ ఐదుగురు వాళ్ల మీద సాధన చేస్తారు. స్టార్లకు ఇది చాలా మంచిది. అయితే ఆ ప్రత్యర్థి పాత్ర వెనకటికి బెంచ్ అమ్మాయిలకు దక్కేది. ఇప్పుడు కొన్ని చోట్ల ప్రాక్టీసులో కూడా వాళ్లు పక్కన నిలబడే ఉంటారు. పైగా నాలుగో క్వార్టర్‌లో రెండు పాయింట్ల తేడా ఉన్నప్పుడు ఫ్రీ త్రో వేసే టెన్షన్‌ని ఏ ప్రాక్టీసూ నేర్పదు. అది ఆడితేనే వస్తుంది.

నియమాల సంగతి చూద్దాం. 2018 అక్టోబరులో పోర్టల్ రాకముందు, మరో కాలేజీ కోచ్‌తో మాట్లాడాలంటే సొంత కాలేజీ అనుమతి కావాల్సి వచ్చేది. పోర్టల్ వచ్చాక అమ్మాయి చెబితే చాలు, రెండు పనిదినాల్లో కాలేజీ ఆమె పేరు అందులో ఎక్కించాలి. అయినా బాస్కెట్‌బాల్‌లో మారినవాళ్లు మినహాయింపు దొరక్కపోతే ఒక ఏడాది ఆడకుండా కూచోవాల్సిందే. 2021లో ఒకసారి మారితే కూచోనక్కర్లేదన్నారు. 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు జోక్యం చేసుకోవడంతో, 2024 ఏప్రిల్‌లో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ పరిమితి కూడా తీసేసింది. చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. కోచ్‌లకైతే ఇలాంటి ఆంక్ష ఏనాడూ లేదు. కోచ్ కిమ్ మల్కీ 2021లో బేలర్ యూనివర్సిటీ వదిలి లూసియానా స్టేట్ యూనివర్సిటీ (ఎల్‌ఎస్‌యూ)కి వెళ్లినప్పుడు ఆమెను ఏడాది బెంచ్ మీద కూచోమని ఎవరూ అనలేదు. రెండేళ్లలో అక్కడ జాతీయ టైటిల్ గెలిచింది. అది ఆమె హక్కు. అదే హక్కు పంతొమ్మిదేళ్ల పిల్లకు వచ్చేసరికి విధేయత గుర్తొస్తుంది అందరికీ.

మారి బాగుపడినవాళ్లకు ఉదాహరణలు కావాలంటే కొదవ లేదు. లారెన్ బెట్స్ 2022లో హైస్కూల్ నుంచి వచ్చేవాళ్లలో దేశంలోనే నంబర్ వన్‌గా స్టాన్‌ఫర్డ్‌లో చేరింది. ఆరడుగుల ఏడంగుళాల అమ్మాయి. కానీ అక్కడ బుట్ట దగ్గర ఆడే ఆ స్థానంలో అప్పటికే స్టార్ కామెరాన్ బ్రింక్ ఉంది. మొదటి ఏడాది బెట్స్ ఆడింది సగటున పది నిమిషాల లోపే. 2023లో లాస్ ఏంజిలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీకి మారింది. రెండేళ్లు తిరిగేసరికి ఆల్ అమెరికన్ (దేశంలో మేటి ప్లేయర్ల జాబితా) అయింది, ఆ యూనివర్సిటీని మొదటిసారి ఎన్‌సీఏఏ ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నీ చివరి నాలుగు టీమ్‌లలోకి, తీసుకెళ్లింది. సానియా రివర్స్ సంగతి ఇంకా గట్టిది. సౌత్ కరొలైనా యూనివర్సిటీలో మొదటి ఏడాదిలోనే 2022 జాతీయ టైటిల్ గెలిచిన టీమ్‌లో ఉంది. అంత టీమ్‌ని వదిలి ఎవరైనా వెళతారా అనుకున్నారు. ఆమె నార్త్ కరొలైనా స్టేట్‌కి వెళ్లింది. 2024 ఫైనల్ ఫోర్‌లో తన పాత టీమ్ మీదే ఆడింది. ఓడిపోయింది, అయితేనేం, స్టార్టర్‌గా, అంటే ఆట మొదలుపెట్టే ఐదుగురిలో ఒకరిగా ఆడింది. 2025లో మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ కొత్త ప్లేయర్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎనిమిదో పిక్.

మిలైసియా ఫుల్‌వైలీ విషయంలో జనం ఇంకా ఎక్కువ నొచ్చుకున్నారు. సౌత్ కరొలైనా రాష్ట్రంలోని కొలంబియా ఊరి పిల్ల, సొంతూరి సౌత్ కరొలైనా టీమ్‌కే ఆడింది, బెంచ్ నుంచి వచ్చి మ్యాచ్‌లు తిప్పేసేది, వాళ్ల లీగ్‌లో 2025కి బెంచ్ నుంచి వచ్చే బెస్ట్ ప్లేయర్‌కిచ్చే సిక్స్త్ వుమన్ అవార్డు కూడా తీసుకుంది. అలాంటి పిల్ల 2025 ఏప్రిల్‌లో ఎల్‌ఎస్‌యూకి, అదీ అదే లీగ్‌లోని ప్రత్యర్థి దగ్గరికి వెళ్లిపోయింది. నాకు సౌత్ కరొలైనా ఆట ఇష్టం, ఆ వార్త విన్న రోజు నాకూ మనసు చివుక్కుమంది. కానీ అదే నెలలో దేశంలో అందరికంటే ఎక్కువ సగటు పాయింట్లు చేసిన టానియా లాట్సన్‌ని ఫ్లోరిడా స్టేట్ నుంచి సౌత్ కరొలైనాయే తెచ్చుకుంది. ఫుల్‌వైలీలాగే ఆమె కూడా గార్డ్, అంటే బంతి నడిపే స్థానంలో ఆడేదే. ఉన్న 200 నిమిషాల్లోంచే ఆమెకూ ఇవ్వాలి. టీమ్ తన అవసరం చూసుకున్నప్పుడు అమ్మాయి తన అవసరం చూసుకోవడం న్యాయమే.

అందరూ ఎక్కువ నిమిషాల కోసమే మారాలని నేననను. కమిలా కార్డోసో ఇందుకు పూర్తిగా ఎదురుదారిలో వెళ్లింది. సిరక్యూస్‌లో మొదటి ఏడాదే టీమ్‌కి ఆధారం. 2021లో సౌత్ కరొలైనాకి మారింది, అదీ తన స్థానంలోనే ఆడే స్టార్ అలియా బోస్టన్ ఉన్న చోటికి. రెండేళ్లు బెంచ్ నుంచే వచ్చింది, బోస్టన్ వెళ్లాక స్టార్టర్ అయింది. 2024లో టీమ్ ఒక్క మ్యాచ్ ఓడకుండా టైటిల్ కొట్టినప్పుడు ఫైనల్ ఫోర్‌లో అత్యుత్తమ ప్లేయర్ ఆమే. డ్రాఫ్ట్‌లో మూడో పిక్. తన ముందు ఎవరున్నారో, ఎంతకాలం ఉంటారో తెలిసి ఎంచుకున్న నిరీక్షణ అది. బెంచ్ మీద కూచున్న ఎక్కువమందికి ఆ స్పష్టత ఎవరూ ఇవ్వరు. "నీ టైమ్ వస్తుంది" అంటారు, మరుసటి వసంతంలో అదే స్థానంలో ఆడే సీనియర్‌ని పోర్టల్ నుంచి తెస్తారు.

ఇక టీవీలో కనపడని వాళ్లు. పోర్టల్‌లో పేరు పెట్టేవాళ్లలో చాలామంది బెట్స్‌లు కారు. పెద్ద లీగ్ నుంచి చిన్న లీగ్‌కి, అక్కడి నుంచి పై స్థాయి డివిజన్ వన్ దాటి దాని కింది డివిజన్ టూకి దిగేవాళ్లు ఉంటారు. ఏ కోచ్ నుంచీ ఫోన్ రానివాళ్లూ ఉంటారు. పేరు ఎక్కిందంటే, ఆ టర్మ్ అయ్యాక పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేసే వీలుంది. అమ్మాయిని మళ్లీ టీమ్‌లోకి తీసుకోవడం వాళ్ల దయ. 2025 వసంతంలో గడువు 30 రోజులే. సెమిస్టర్ పరీక్షలకు చదువుకుంటూనే, ఆ వ్యవధిలోనే ఓ ఇరవై ఏళ్ల పిల్ల ఇవన్నీ తేల్చుకోవాలి.

ఇక్కడే నా టేబుల్ మీదికి రెండో కాగితం వస్తుంది. డివిజన్ వన్‌లో ఆడాలంటే మూడో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏడాదికి 60, ఐదో ఏడాదికి 80 శాతం పూర్తయి ఉండాలి. 120 క్రెడిట్ల డిగ్రీ అయితే వరసగా 48, 72, 96. అది కొత్త కాలేజీలో తీసుకున్న మేజర్ (ప్రధాన సబ్జెక్టు) ప్రకారం లెక్కేస్తారు. శరీర కదలికల శాస్త్రం కైనీసియాలజీ చదివే అమ్మాయి మూడో ఏడాదికి 50 క్రెడిట్లతో వస్తుంది. చూడగానే బాగుందనిపిస్తుంది. ఒక్కో కోర్సూ తీసి చూస్తే, పాత కాలేజీలో అనాటమీకి ల్యాబ్ లేదు, మాకు ల్యాబ్ కావాలి. అక్కడి స్పోర్ట్ సైకాలజీకి మా దగ్గర సమానమైన కోర్సే లేదు. రెండూ ఎలెక్టివ్‌ల (ఇష్టం వచ్చినవి ఎంచుకునే కోర్సుల) కింద పడతాయి, ఎలెక్టివ్‌ల కోటా అప్పటికే నిండిపోయింది. క్రెడిట్లు ఎక్కడికీ పోలేదు, కాగితం మీద ఉన్నాయి, డిగ్రీకి మాత్రం పనికిరావు. వేసవిలో రెండు కోర్సులు చేస్తే తప్ప నవంబరులో యూనిఫాం వేసుకోలేదు. ఎక్కువ నిమిషాల కోసం వచ్చిన పిల్ల అసలు కోర్టులోకే దిగలేకపోతుందేమోనని ఆ ఫైలు చూస్తూ నేను గుండె పట్టుకుని కూచుంటాను. ఆ కోర్సుల సిలబస్‌లు తెప్పించి, డిపార్ట్‌మెంట్ వాళ్లను బతిమాలి, ఒక్కటైనా మేజర్‌లో కలపగలనేమో చూస్తాను. మేజర్ మార్చుకోమనే సలహా కొందరిస్తారు. నర్స్ కావాలనుకున్న అమ్మాయిని ఏదో జనరల్ స్టడీస్‌లోకి నెట్టడం నాకు అస్సలు నచ్చదు.

స్కోరర్ టేబుల్ దగ్గర కూచుండిపోయిన ఆ అమ్మాయి చిన్న లీగ్‌లోని కాలేజీకి వెళ్లింది. ఏ కోర్సు డిగ్రీలో లెక్కకొస్తుందో తేల్చే డిగ్రీ ఆడిట్ చేయించుకునే వెళ్లింది. ఇప్పుడు స్టార్టర్. వాళ్ల మ్యాచ్‌లు ఆన్‌లైన్‌లో చూస్తుంటాను. మొన్న ఒక మ్యాచ్‌లో ఐదు ఫౌల్స్ చేసి బయటికి వచ్చేసింది. ఐదు ఫౌల్స్ చేసేంత సేపు ఆడిందన్నమాట! ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో ఇలాంటి అమ్మాయి ఉంటే, పోర్టల్ మాట ఎత్తగానే ఆపకండి. ముందు కొన్ని సంగతులు తెలుసుకోనివ్వండి. కొత్త టీమ్‌లో తన స్థానంలో వచ్చే ఏడాదికి ఎవరెవరు మిగులుతున్నారు, ఎవరు కొత్తగా సంతకం చేశారు. తనను ఏ పొజిషన్‌లో ఆడిస్తారు. లూయీవిల్ యూనివర్సిటీ నుంచి మారిన హేలీ వాన్ లిత్‌కి ఎల్‌ఎస్‌యూలో నిమిషాలకు లోటు లేదు, కానీ అందరికీ బంతి అందిస్తూ ఆట నడిపే పాయింట్ గార్డ్‌గా మార్చేసరికి లూయీవిల్‌లో కనబరిచిన ఆట కనపడలేదు. టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ (టీసీయూ)కి వెళ్లాకే మళ్లీ వెలిగింది. కోచ్ కాంట్రాక్ట్ ఎన్నాళ్లుంది, ఆమె వెళ్లిపోతే తన స్కాలర్‌షిప్ మాటేమిటి. ఏ కోర్సు డిగ్రీలో దేనికింద పడుతుందో రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి, కోచ్ నోటిమాట సరిపోదు. కొత్త కాలేజీతో ఏ ఒప్పందమైనా ఆ కాగితం చేతికొచ్చాకే. మమ్మల్ని ఎవరైనా అడిగితే అదే రోజు కూచుని చేసిపెడతాం. మా ఆఫీసులో ఏప్రిల్ నెలంతా లైట్లు ఆలస్యంగానే ఆర్పుతాం.