రవాణా సంస్థ స్థలంలో దుకాణం లీజు: నా అనుభవం

విజయనగరం గంటస్తంభం దగ్గర నడుపుతున్న మా పుస్తకాల, జెరాక్స్ దుకాణాన్ని బస్సులు ఆగే చోటికి మార్చాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఎస్.కోట, గజపతినగరం వైపు నుంచి వచ్చే విద్యార్థులు దిగేది అక్కడే. ప్రజా రవాణా సంస్థ స్థలంలో ఒక ప్రైవేటు బిల్డరు కట్టిన వాణిజ్య సముదాయంలో కింది అంతస్తు గది ఖాళీగా ఉందని తెలిసి వెళ్లాను.

ఇది బీఓటీ పద్ధతి. స్థలం ప్రభుత్వ సంస్థదే. బిల్డరు తన పెట్టుబడితో కట్టి, నిర్ణీత కాలం అద్దెలు వసూలు చేసుకుని, సంస్థకు ఏటా కొంత చెల్లించి, గడువు తీరాక భవనాన్ని అప్పగించాలి. టిక్కెట్ల రాబడి ఒక్కదానితో గట్టెక్కడం కష్టం కాబట్టే, 2010లో హైదరాబాద్ మెట్రోకు కుదిరిన ఒప్పందంలోనూ డిపోలు, స్టేషన్ల దగ్గర కట్టి అద్దెకిచ్చుకునే హక్కు నిర్మాణ సంస్థకు ఇచ్చారు. ఏర్పాటు మంచిదే, చిక్కంతా ఇద్దరు యజమానుల కింద చేరే అద్దెదారుకే.

బిల్డరు తరఫు మనిషి 15 ఏళ్ల లీజు ఇస్తామని చెప్పి, పెద్ద మొత్తం అడ్వాన్సు అడిగాడు. రవాణా సంస్థతో బిల్డరుకున్న అసలు ఒప్పందం చూపమంటే, "దాంతో మీకేం పని సార్, గది చూసుకోండి" అన్నాడు. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుము కట్టి రవాణా సంస్థకే దరఖాస్తు పెట్టాను. జవాబుకు మామూలు గడువు 30 రోజులు. మూడో పక్షానికి, అంటే ఇక్కడ బిల్డరుకు, నోటీసిచ్చి అభ్యంతరం వినాల్సి వస్తే 40 రోజులు. చివరికి పుటపుటకూ ముద్ర వేసిన నకళ్ల కట్ట చేతికొచ్చింది. (జెరాక్స్ మా వృత్తి కనుక, అవి ఎంత మసకగా ఉన్నాయో చెప్పకుండా ఉండలేను.) గడువు నిబంధన ప్రకారం బిల్డరుకు మిగిలింది 12 ఏళ్లే. అసలు లీజు తీరితే దాని మీద పుట్టిన ఉపలీజూ, అంటే బిల్డరు నాకిచ్చే లీజూ, తీరుతుంది. తనకే లేని మూడేళ్లు నాకెలా ఇస్తాడు? పైగా, ఉపలీజుకు సంస్థ రాతపూర్వక అనుమతి కావాలని మరో నిబంధన ఉంది.

ఆ పుటలు ముందుపెట్టాక గడువు 10 ఏళ్లకు దిగింది. భవనం అప్పగించేలోగా అడ్వాన్సు తిరిగివ్వాలన్న షరతుకు బిల్డరు ఒప్పుకున్నాడు. మధ్యలో అసలు ఒప్పందం రద్దయితే నన్ను నేరుగా కొనసాగించాలని సంస్థను కోరితే, అధికారులు "పరిశీలించవచ్చు" అనే మాట దగ్గరే ఆగారు. కోర్టులో ఆ మాటకు విలువ అంతంతమాత్రమేనని మా వకీలు చెప్పడంతో, అద్దె కొంత పెంచి అడ్వాన్సు బాగా తగ్గించుకున్నాను. పోతే నష్టం చిన్నదిగా ఉండాలి కదా.

ఏడాదికి మించిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరు చేయించాలి కాబట్టి, సంస్థ అనుమతి పత్రాన్ని దస్తావేజుకు జతచేసి ఆ పని పూర్తిచేశాం. ట్రేడ్ లైసెన్సుకు ఇబ్బంది రాలేదు. కరెంటుకు సబ్‌మీటరు చాలని బిల్డరు అన్నా, నా పేరున విడి సర్వీసే తీసుకున్నాను. ఇక బోర్డు ఒక్కటే మిగిలింది. బస్సుల వైపు గోడ మీద ప్రకటనల హక్కు వేరే గుత్తేదారుదట. ఆ అనుమతికి పెట్టిన దరఖాస్తు ఇంకా తేలలేదు.