మామా, రాబిన్‌ను ఎందుకు చంపిన్రు?

దసరాకి నల్లగొండ వచ్చిన మా అక్క కొడుకు, తొమ్మిదేళ్లవాడు, నా పాత బ్యాట్‌మన్ కామిక్స్ కట్ట విప్పి ఒక పేజీ దగ్గర ఆగిపోయి ఈ మాట అడిగాడు. నాకు నోట మాట రాలేదు. బ్యాట్‌మన్ పక్కన పోరాడే కుర్రాడే రాబిన్, ఆ పేరుతో వచ్చిన రెండోవాడు జేసన్ టాడ్ బతకాలా చావాలా అని 1988లో పాఠకులతో ఫోన్ ఓట్లు వేయించారు, బతకాలని 5,271, చావాలని 5,343, అంటే 72 ఓట్ల తేడాతో ఒక పిల్లాడి ప్రాణం తీసేశారు. అదే ఏడాది బ్యాట్‌గర్ల్‌గా పోరాడిన బార్బరా గోర్డన్‌ను బ్యాట్‌మన్ శత్రువు జోకర్ కాల్చి చక్రాల కుర్చీకి పరిమితం చేశాడు, 1994లో గ్రీన్ లాంటర్న్ అనే ఇంకో సూపర్‌హీరో ప్రియురాలిని చంపి ఫ్రిజ్‌లో కుక్కారు. హీరోకి కోపం రావాలంటే ప్రతిసారీ ఒక ఆడమనిషి బలి కావాలా? చీకటి కథలు వద్దనను, నేనూ చదువుతా, కానీ షాక్ కోసమే రక్తం పారిస్తుంటే కడుపులో దేవినట్టు అవుతుంది. రాత్రి పడుకునే ముందు వాడు మళ్లీ అడిగాడు, "మామా, బ్యాట్‌మన్ టైంకి ఎందుకు రాలే?"