సున్నా వచ్చిందంటే బ్యాకప్ అయినట్టు కాదు

తెనాలిలో మా బాబాయికి చిన్న అకౌంట్స్ ఆఫీసు ఉంది. ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా అంతా ఒకే కంప్యూటర్లో. రోజూ రాత్రి 9 గంటలకు దానంతట అదే ఒక హార్డ్ డిస్క్‌లోకి బ్యాకప్ అయ్యేలా ఎవరో కుర్రాడు ఎప్పుడో సెట్ చేసిపెట్టి వెళ్లాడు. మార్చి 31 దగ్గరపడుతోంది (ప్రపంచ బ్యాకప్ డే కూడా ఆ రోజే, మనవాళ్లలో ఎవరికి గుర్తుంటుంది లెండి), ఒకసారి చూస్తానన్నాను. "రోజూ అవుతూనే ఉందిగా, ఇంకేం చూస్తావురా" అన్నాడు బాబాయ్.

విండోస్‌లో టైమ్ ప్రకారం పనులు నడిపించే టాస్క్ షెడ్యూలర్ తెరిస్తే నిజంగానే రాత్రి 9కి నడిచింది, లాస్ట్ రన్ రిజల్ట్ సున్నా. మామూలుగా సున్నా అంటే అంతా బాగున్నట్టే. కానీ ఇక్కడ నడుస్తున్నది రోబోకాపీ, అంటే ఫైళ్లు కాపీ చేసే విండోస్ కమాండ్, దాని లెక్క వేరు. 1 వస్తే ఫైళ్లు కాపీ అయ్యాయని, 8 గానీ అంతకుమించి గానీ వస్తే ఏదో ఫెయిలైందని, సున్నా అంటే తప్పేమీ జరగలేదు గానీ కాపీ చేయడానికి కొత్తదేమీ కనిపించలేదని. పగలంతా వోచర్లు ఎంట్రీ చేసే ఆఫీసులో కొత్తదేమీ లేకపోవడమేమిటి? ఆ కమాండ్ రాసి ఉన్న స్క్రిప్ట్ ఫైల్ చూస్తే విషయం తెలిసింది. ట్యాలీ కొత్త వెర్షన్ ట్యాలీప్రైమ్‌కి మారినప్పుడు డేటా వేరే ఫోల్డర్‌కి వెళ్లింది, స్క్రిప్ట్ మాత్రం పాత ఫోల్డర్నే రోజూ బుద్ధిగా చూసి వస్తోంది. అక్కడ ఎర్రర్ రావడానికి ఏముంది!

స్క్రిప్ట్‌లో ఫోల్డర్ దారి మార్చాక మర్నాడు 1 వచ్చింది. అయినా నాకు నమ్మకం కుదరక, హార్డ్ డిస్క్‌లోని కాపీని నా ల్యాప్‌టాప్‌లో వేసుకుని, ట్యాలీలో ఆ ఫోల్డర్ చూపించి కంపెనీ తెరిచాను. డే బుక్‌లో ముందురోజు చివరి వోచర్ ఉంది, ట్రయల్ బ్యాలెన్స్ ఆఫీసు కంప్యూటర్లో ఉన్నదానితో సరిపోయింది. అప్పుడు గానీ టెన్షన్ తగ్గలేదు.

ఇంకో రెండు మూడు సరిచేశాను. బాబాయ్ ట్యాలీ తెరిచే ఉంచి ఇంటికెళ్తాడు, ఫైల్ లాక్ అయి ఉంటే రోబోకాపీ 30 సెకన్లకోసారి, అలా 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, మనం మార్చకపోతే. లెక్కేస్తే దాదాపు ఏడాది! దాన్ని మూడుసార్లకు తగ్గించి, ట్యాలీ మూసి వెళ్లమని గట్టిగా చెప్పాను. కరెంటు పోయి ఆ టైమ్ దాటిపోతే, మళ్లీ కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచేలా సెట్టింగ్స్‌లో టిక్ పెట్టాను. మొదట్లో అది ఉండదు, మనమే పెట్టాలి.

మిర్రర్ ఆప్షన్ కూడా తీసేశాను. కంప్యూటర్లో పొరపాటున ఒక ఫైల్ డిలీట్ చేస్తే ఆ రాత్రే బ్యాకప్‌లోనూ డిలీట్ చేస్తుంది అది. రెండో డిస్క్ కొనమంటే బాబాయ్ గొణిగాడు గానీ కొన్నాడు, వారానికోసారి కాపీ తీసి, కేబుల్ పీకి బీరువాలో పెడుతున్నాడు. డెస్క్‌టాప్ మీద పడి ఉన్న ఎక్సెల్ ఫైళ్లు, స్కాన్ చేసిన బిల్లులు మాత్రం ఇంకా ఏ బ్యాకప్‌లోనూ లేవు, వాటి సంగతి వచ్చే ఆదివారం చూడాలి.