బాకీ నాది, టీసీ పాపది

నిన్న మధ్యాహ్నం సర్కారు బడి హెచ్‌ఎం మేడమ్ ఫోన్ చేసి, "అమ్మా, మీ పాప పేరు ఆన్‌లైన్‌లో ఎక్కింది" అని చెప్పింది. కొట్లో లెక్క మధ్యలో ఉన్నాను. అప్పటిదాకా కూడిందంతా మర్చిపోయి మళ్ళీ మొదటినుంచి కూడుకున్నాను. కోపమూ సంతోషమూ రెండూ చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను. ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ, అంటే బడి మారేటప్పుడు ఇచ్చే కాగితం, ఆపేస్తే మా బస్తీలో ఇంకొందరు తల్లులు ఇదే తిప్పలు పడుతున్నారు.

సంగతి చెప్తాను. మా ఆయన ట్రావెల్స్‌లో కారు నడిపేవాడు. కిస్తీలు ఆగిపోయి ఫైనాన్స్ వాళ్ళు బండి పట్టుకుపోయారు. పాప ఆరో తరగతి చదివిన ప్రైవేటు బడిలో ఫీజు బాకీ పడింది. ఇక మా వల్ల కాదని ఏడో తరగతికి సర్కారు బడిలో వేశాం. బాకీ లేదని నేను ఎక్కడా అనలేదు, ఇప్పుడూ అనను.

సర్కారు బడిలో చేర్చడం అరపూట పని. జూన్ 12న బడులు తెరిచేనాటికే పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట అని టీచర్లు గల్లీ గల్లీ తిరుగుతున్నారు. టీసీ లేదంటే, "తర్వాత తేండమ్మా, పిల్లను మాత్రం ఇంట్లో కూర్చోబెట్టకండి" అని ఆధార్ జిరాక్స్ తీసుకుని అదే రోజు క్లాసులో కూర్చోబెట్టారు. వాళ్ళ మంచితనం ఒకెత్తు, చట్టం కూడా అదే చెప్తుంది. విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం టీసీ రావడం ఆలస్యమైందని బడిలో చేర్చుకోకుండా ఆపకూడదు. పుట్టిన తేదీ కాగితం లేదని కూడా ఆపకూడదు, అది 14వ సెక్షన్. పుస్తకాలు ఊరికే ఇచ్చారు. ఒక పేజీలో ఇంగ్లీషు, పక్క పేజీలో అదే పాఠం తెలుగులో. పాపకు అది తెగ నచ్చింది. నాకూ నచ్చింది, సైన్సు నేనూ చదువుకుంటున్నాను.

చిక్కంతా కంప్యూటర్ దగ్గర వచ్చింది. ఇప్పుడు పిల్లల పేర్లన్నీ యూడైస్ అనే ఆన్‌లైన్ లెక్కలో ఉంటాయి. ఒక్కో పిల్లకు పెన్ అని ఒక నంబరు ఉంటుంది. పాత బడి "ఈ పిల్ల వెళ్ళిపోయింది" అని నొక్కితే పేరు డ్రాప్ బాక్స్‌లో పడుతుంది. కొత్త బడి పెన్ నంబరు, పుట్టిన తేదీ కొట్టి అక్కడినుంచి తన ఖాతాలోకి తెచ్చుకుంటుంది. పాత బడి నొక్కకపోతే పిల్ల ఇక్కడ బెంచీ మీద కూర్చుని పాఠం వింటున్నా లెక్కలో అక్కడే ఉంటుంది. "యూనిఫాం లెక్క, రేపు స్కాలర్‌షిప్పు, అన్నీ దీంతోనే ముడిపడి ఉన్నాయమ్మా, ఎట్లాగైనా విడిపించుకురండి" అంది మేడమ్. విడిపించుకురావడం! మార్వాడీ కొట్లో తాకట్టు పెట్టిన గొలుసు గురించి మాట్లాడినట్టే ఉంది.

అట్లా ఆ ప్రైవేటు బడి మెట్లెక్కాను. పేరు రాయను. హైదరాబాదులో అలాంటివి గల్లీకొకటి ఉన్నాయి కాబట్టి ఏదైనా అనుకోండి.

ఫీజు కౌంటర్ అద్దానికి చెయ్యి పట్టేంత కంత. ఏదడిగినా ఆ కంతలోకి వంగి అడగాలి. వంగి అడిగితే లోపలి అమ్మాయి, "నో డ్యూస్ ఉంటేనే టీసీ మేడమ్" అని, అంటే బాకీ ఏమీ లేదని తేలితేనే అని, ప్రింటు తీసిచ్చింది. నేను బేగంబజార్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో లెక్కలు రాస్తాను. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీకాం చేసింది పెళ్ళయ్యాకే. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకున్నా సరే, ఒక కాగితం మీద నాలుగు అంకెలుంటే అందులో తప్పు అంకె నాకు ముందు కనబడుతుంది. ఆ ప్రింటులో నా అసలు బాకీ మొదటి వరుసలోనే ఉంది. దాని కింద లేట్ ఫీజు. దాని కింద డిజిటల్ క్లాస్ ఫీజు. దాని కింద టీసీ ఫీజు. అన్నిటికీ అడుగున వచ్చే ఏడాది మొదటి టర్మ్ ఫీజు! ఇదేంటమ్మా అంటే, మానేస్తున్నట్టు ఏప్రిల్ లోపల రాసివ్వలేదు కాబట్టి సీటు బ్లాక్ అయిందట. ఇదంతా కాక, నేను జనవరిలో కట్టిన రసీదు ఒకటి వాళ్ళ లెక్కలోకి ఎక్కనే లేదు.

రసీదులు నా దగ్గర ఎల్కేజీ నుంచి ఉన్నాయి, తేదీల వరసన, ఒకే ఫైల్‌లో. ఆ జనవరి రసీదు తీసి కంతలోంచి లోపలికి పెట్టాను. అమ్మాయి దాన్నీ, స్క్రీన్‌నూ చూసి లేచి, బడి నడిపే కరస్పాండెంట్ సార్ గదిలోకి వెళ్ళింది. ఆయన బయటికి వచ్చాడు.

ఆ రోజు పాప నా వెంట ఉంది, లైబ్రరీ పుస్తకం తిరిగిస్తానంటే తీసుకొచ్చాను. కొత్త అడ్మిషన్ల రోజులు కాబట్టి సోఫాల నిండా తల్లిదండ్రులున్నారు. ఆయన అందరికీ వినబడేలా, "లెక్కలు బాగనే చెప్తున్నవ్ గదమ్మా, కట్టేటప్పుడు ఏమైంది ఈ తెలివి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే పాప వైపు తిరిగి, "ఏమ్మా, సర్కారు బడికి పోతున్నవంట, ఆడ ఇంగ్లీషు మాట్లాడనిస్తరా?" అని నవ్వాడు. సోఫాలో ఒకరిద్దరు కూడా నవ్వారు. పాప ఏమీ అనలేదు. గోడవార అద్దాల బీరువాలో కప్పులుంటాయి, అటే చూస్తూ నిలబడింది. అందులో ఖోఖో కప్పు ఒకటి పోయినేడు వీళ్ళ జట్టు గెలిచి తెచ్చిందే. పక్కన గ్రూపు ఫోటోలో కప్పుకు ఎడమ చెవి పట్టుకున్నది మా పాపే.

నాకు నోట మాట రాలేదు. మలక్‌పేటలో బస్సు దిగాక వచ్చాయి మాటలన్నీ. బాకీ తీరేదాకా టీసీ ఆపితే, కప్పు గెలిచిన పిల్ల వెళ్ళిపోతోంది కాబట్టి కప్పు నాకిచ్చెయ్యండి అని నేనూ అడగొచ్చుగా! రాత్రంతా ఇలాంటివే తోచాయి. పాప మాత్రం అన్నం తిని పడుకుంది. పొద్దున లేచి, "అమ్మా, ఇక నేను అక్కడికి రాను, నువ్వొక్కదానివే పో" అంది.

ఇక్కడ కాసేపు లెక్చరిస్తాను, వద్దనుకుంటే కింది పేరాకు వెళ్ళండి. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది ఉన్నికృష్ణన్ కేసులో. ఆ కేసు ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం పేరు మీదే ఉంది, ప్రైవేటు కాలేజీలు సీటుకని వసూలు చేసే కాపిటేషన్ ఫీజుల గొడవలోంచి వచ్చింది. 2002లో రాజ్యాంగంలో 21ఎ అని చేర్చారు, 2009లో చట్టం చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చారు. ప్రైవేటు బళ్ళు మొదటి తరగతిలో నాలుగో వంతు సీట్లు పేద పిల్లలకివ్వాలని అందులోనే ఉంది, మన రాష్ట్రంలో అది ఏళ్ళ తరబడి కాగితం మీదే ఉండిపోయింది. పిల్లను మానసికంగా వేధించకూడదని 17వ సెక్షన్ ఉంది. ఇవన్నీ నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. బీకాంలో బిజినెస్ లా చదివాను, సరుకు అమ్మకాల చట్టం ఇప్పటికీ అప్పజెప్పగలను, కానీ నా కూతురి టీసీ మీద హక్కు ఎవరిదో తెలీదు. కోఠీలో బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేకుండా ఒట్టి చట్టం మాత్రమే ఉండే పుస్తకం, కొని బస్సులో చదివాను. చాలా పలచని పుస్తకం. ప్రతి ప్రైవేటు బడిలో ఫీజుల పట్టిక పక్కన దాన్నొకటి వేలాడదీయమని ఆర్డరేస్తే సగం గొడవలు ఉండవు. వెయ్యరు లెండి.

విద్యాశాఖ ఆఫీసొకటి ఉంది మా ఏరియాకి. టీసీ ఇప్పించమని అర్జీ ఇస్తే అక్కడి క్లర్కు తీసుకోడు. "ప్రైవేటు స్కూల్ మ్యాటర్, మీరూ మీరూ మాట్లాడుకోండి" అంటాడు. తీసుకోకపోతే పోస్టులో పంపండి, రసీదుతో. నేను దాంతో పాటు సమాచార హక్కు కింద పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి ఇంకో కాగితం కూడా పంపాను. అందులో ఎందుకు, ఏమిటి అని అడక్కండి, "ఎందుకు" అంటే జవాబివ్వక్కర్లేదు వాళ్ళు. ఉన్న కాగితం అడగాలి. ఫీజు బాకీ ఉంటే టీసీ ఆపవచ్చని చెప్పే ఉత్తర్వు నకలు ఇవ్వండి, నా అర్జీ మీద రాసిన నోట్ ఫైలు నకలు ఇవ్వండి, అంతే రాశాను. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. గడువు దగ్గరపడ్డాక అలాంటి ఉత్తర్వేదీ తమ ఆఫీసులో లేదని జవాబొచ్చింది. ఆ ఒక్క లైనూ నాకు చాలా పనికొచ్చింది. కాబట్టి ఆ క్లర్కును క్షమించేశాను, కొంతవరకు.

తర్వాత 15100కి ఫోన్ చేశాను. ఉచిత న్యాయ సహాయం నంబరు అది. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేదు, లాయర్‌ను ఊరికే ఇస్తారు. ఎస్సీ ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు కూడా అంతే. ఇది తెలియక చీటీ డబ్బులు ఎత్తి లాయర్లకు పోసినవాళ్ళు మా బస్తీలోనే ఉన్నారు. పురానీ హవేలీలో సిటీ సివిల్ కోర్టు ఉంది, న్యాయ సేవాధికార సంస్థ కూడా అక్కడే. తెల్ల కాగితం మీద సంగతంతా రాసిచ్చాను. కేసు వేయకముందే రాజీ కోసం అవతలివాళ్ళను పిలిపిస్తారు, ప్రీ లిటిగేషన్ అంటారు. కోర్టు ఫీజు లేదు.

నాకిచ్చిన లాయరమ్మ చిన్న వయసు పిల్ల. "బాకీ ఉందా అక్కా?" అంది. ఉందన్నాను. "మంచిది, ఒప్పుకుందాం. అది వేరే, టీసీ వేరే" అంది. నేను రాసుకెళ్ళిన పట్టిక చూపించాను, ఒక పక్క వాళ్ళ అంకె, ఒక పక్క నా అంకె, మూడో గడిలో రసీదు నంబరు. దాన్ని అట్లాగే జిరాక్స్ తీయించి నోటీసుకు జతచేసింది. టీసీ అనేది ఫీజులు వసూలు చేసుకునే సాధనం కాదని 2024 జూలైలో మద్రాసు హైకోర్టు చెప్పిందని ఆమె ద్వారానే తెలిసింది. ఆ తీర్పు మన దగ్గర పాటించి తీరాల్సినది కాకపోయినా చూపించుకోవచ్చట. బాకీ కావాలంటే బడివాళ్ళు సివిల్ దావా వేసుకోవచ్చు, పిల్ల కాగితం పట్టుకుని కూర్చోకూడదు.

మొదటి తేదీకి వాళ్ళు రాలేదు. తర్వాతి తేదీకి కరస్పాండెంట్ సార్ తన లాయర్‌తో వచ్చాడు. ఆయన గొంతు ఆ గదిలో ఎంత మెత్తగా ఉందో చెప్పలేను. "మేడమ్ గారు ఒక్కమాట ముందే చెబితే మేమే ఇచ్చేవాళ్ళం" అన్నాడు. గారు! సోఫాల ముందు నన్ను నువ్వన్న మనిషి. వచ్చే ఏడాది టర్మ్ ఫీజు, టీసీ ఫీజు, లేట్ ఫీజు అన్నీ ఎగిరిపోయాయి. డిజిటల్ క్లాసు ఫీజు గురించి సార్‌ను అడిగితే ఆ ఏడాది ప్రొజెక్టర్ పనిచేయలేదని ఆయన నోటితోనే వచ్చింది. జనవరి రసీదు లెక్కలోకి ఎక్కింది. మిగిలిన అసలు బాకీ నెలనెలా కట్టేలా, టీసీ మాత్రం ముందే ఇచ్చేలా రాజీ రాసుకున్నాం. ఆ రాజీని ఖాయం చేస్తూ అక్కడి లోక్ అదాలత్ అవార్డు, అంటే తీర్పు కాగితం, ఇచ్చింది. అది కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. కిస్తీ తప్పితే నాకూ అంతే వర్తిస్తుంది, ఆ భయమూ ఉంది.

మీకు ఒక్కటి గట్టిగా చెప్తాను. రాజీ కాగితంలో "టీసీ ఇచ్చెదరు" అని ఊరుకోవద్దు. "యూడైస్‌లో విద్యార్థి పేరును ఫలానా తేదీలోగా విడుదల చేసెదరు" అని తేదీతో రాయించండి. నేను రాయించాను. వాళ్ళ లాయరుకు అదేంటో అర్థం కాక నన్నే అడిగాడు, వివరించాను. అది రాయించాను కాబట్టే నిన్న ఆ ఫోనొచ్చింది.

టీసీ చేతికొచ్చిన రోజు రిమార్కుల గడిలో ఎర్ర ఇంకుతో "ఫీజు బాకీ కలదు" అని రాసి ఉంది. అక్కడికక్కడే తిరిగిచ్చేశాను. లాయరమ్మ ఒక్క ఫోన్ చేస్తే సాయంత్రానికి శుభ్రమైనది తయారైంది. ఆ గడి ఖాళీ. కాకపోతే ఈసారి ప్రవర్తన గడిలో, ముందు కాపీలో "గుడ్" అని ఉన్నచోట, "సంతృప్తికరం" అని దిగింది. మూడేళ్ళు క్లాస్ లీడరుగా చేసిన పిల్లకి! వదిలెయ్యమంటున్నాడు మా ఆయన. ముందు కాపీని తిరిగిచ్చేముందే ఫోన్‌లో ఫోటో తీసిపెట్టుకున్నాను. దాని ప్రింటు తీసి, అర్జీ రాసి, ఫైల్‌లో పెట్టాను. సోమవారం స్పీడ్ పోస్టు చేస్తున్నాను.