కరెంటు పోయొచ్చాక మెయిల్ ఎందుకు ఆగుతోంది: నల్లగొండ ఇంటి సర్వర్ లాగ్

ప్రస్తుత అమరిక: రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ (ఇకపై 'పై'), డెబియన్ 12 మీద నడిచే పై ఓఎస్, మెయిల్ పంపే, అందుకునే పోస్ట్‌ఫిక్స్ 3.7, పేర్లకు ఐపీలు వెతికిపెట్టే రిజాల్వర్ అన్‌బౌండ్ 1.17. స్టాటిక్ ఐపీ ఉన్న ఫైబర్ లైను. రౌటర్‌కు ఒక మినీ యూపీఎస్, పైకి ఇంకొకటి. కరెంటు పోయినప్పుడల్లా ఎస్‌డీ కార్డు పాడవకుండా రూట్ ఫైల్ సిస్టమ్‌ను ఓవర్‌లేలో (రాతలు కార్డు మీద కాక ర్యామ్‌లో పడి, రీబూట్‌తో పోయే అమరిక) పెట్టి, మెయిల్ క్యూను, మెయిల్‌బాక్సులను యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ మీదికి మార్చడం పోయిన విడతలో అయిపోయింది. ఈ విడత పని ఒక్కటే. డీఎన్‌ఎస్ (పేర్లకు ఐపీలు చెప్పే వ్యవస్థ) కాసేపు పలకకపోతే మెయిల్ క్యూలో ఆగాలి గానీ, పంపినవాళ్లకు తిరిగి వెళ్లిపోకూడదు, అంటే బౌన్స్ కాకూడదు.

పోస్ట్‌ఫిక్స్ ఈ తేడాను సరిగ్గానే పాటిస్తుంది. డొమైన్ లేదని జవాబు వస్తే, అంటే ఎన్ఎక్స్‌డొమైన్ వస్తే, లాగ్‌లో 5.4.4, బౌన్స్‌డ్ అని పడుతుంది. జవాబే రాకపోయినా, సర్వ్‌ఫెయిల్ (వెతకడం కుదరలేదన్న జవాబు) వచ్చినా 4.4.3, డిఫర్డ్ అని పడుతుంది. ఆ వరుస చివర "హోస్ట్ నాట్ ఫౌండ్, ట్రై ఎగైన్" అని ఉంటుంది. ఆ చివరి రెండు మాటలే ముఖ్యం. అవి ఉంటే మెయిల్ భద్రంగా ఉన్నట్టే. 300 సెకన్ల దగ్గర మొదలై, ప్రయత్నాల మధ్య వ్యవధి పెరుగుతూ 4000 సెకన్ల దగ్గర ఆగుతుంది. 5 రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఈ అంకెల్ని మార్చలేదు, మార్చాల్సిన అవసరమూ లేదు.

కాబట్టి అసలు సమస్య పోస్ట్‌ఫిక్స్‌ది కాదు, దానికి జవాబిచ్చే రిజాల్వర్‌ది. ఫైబర్ తెగినప్పుడు కొన్ని రౌటర్లు నోరు మూసుకుని ఉండవు. ఏ పేరు అడిగినా తమ సొంత ఐపీనే ఇస్తాయి, లేదంటే ఆ పేరే లేదంటాయి. మొదటిదైతే పోస్ట్‌ఫిక్స్ రౌటర్ 25వ పోర్టు తట్టి, కనెక్షన్ దొరక్క ఆగుతుంది, నష్టం లేదు. రెండోదైతే క్యూలో ఉన్నదంతా బౌన్స్ అవుతుంది. రౌటర్‌ను పక్కకు పెట్టి, పై మీదే అన్‌బౌండ్‌ను నేరుగా రూట్ సర్వర్ల నుంచి వెతికేలా పెట్టింది ఇందుకే. ఏ రిజాల్వర్‌ను అడగాలో చెప్పే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైల్లో 127.0.0.1, అంటే ఈ పై ఒక్కటే ఉంది. రెండో నేమ్‌సర్వర్‌గా పబ్లిక్ రిజాల్వర్‌ను చేర్చొద్దు. స్పామ్ పంపే ఐపీల జాబితాలు ఉంచే స్పామ్‌హాస్ లాంటి బ్లాక్‌లిస్టులు పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా వచ్చే ప్రశ్నలకు మామూలు జవాబు ఇవ్వవు, 127.255.255.254 అని ఎర్రర్ కోడ్ ఇస్తాయి. ఆ కోడ్‌ను పోస్ట్‌ఫిక్స్ లిస్టింగ్ అనుకుంటే మంచి మెయిల్ కూడా రిజెక్ట్ అవుతుంది.

డెబియన్‌లో ఇంకో మెలిక ఉంది. పోస్ట్‌ఫిక్స్ క్రూట్‌లో, అంటే ఒక్క డైరెక్టరీకే పరిమితమై, నడుస్తుంది కనుక అసలు రిజాల్వ్ డాట్ కాన్ఫ్‌ను చూడదు. స్పూల్ డైరెక్టరీలో ఉన్న కాపీని చూస్తుంది. నెట్‌వర్క్ లేవకముందే పోస్ట్‌ఫిక్స్ లేస్తే ఆ కాపీ ఖాళీగానో పాతదిగానో ఉంటుంది. డీఎన్‌ఎస్‌ను అడిగి చూసే డిగ్ కమాండుకు జవాబు వస్తూ, పోస్ట్‌ఫిక్స్‌కు మాత్రం రాకపోతే ముందు ఆ రెండు ఫైళ్లను పోల్చి చూడాలి.

ఇక గడియారం సంగతి. ఎక్కువ సమయం తిన్నది ఇదే.

పై 4లో ఆర్‌టీసీ, అంటే కరెంటు లేకున్నా సెల్‌తో నడిచే గడియారం, లేదు. ఆ లోటు తీర్చడానికి ఫేక్ హెచ్‌డబ్ల్యూక్లాక్ అనే ప్రోగ్రాం గంటకోసారి టైమును ఫైల్లో రాసుకుంటుంది. రూట్ ఓవర్‌లేలో ఉంటే ఆ రాత ర్యామ్‌లోనే పోతుంది. మే నెల గాలిదుమారానికి కరెంటు పోయి, యూపీఎస్ కూడా అయిపోయి, మళ్లీ బూట్ అయితే టైము ఓవర్‌లే పెట్టిన రోజుకు వెనక్కి వెళ్తుంది. డీఎన్‌ఎస్ జవాబులు అసలువేనని రుజువు చేసే డీఎన్‌ఎస్‌సెక్ సంతకాలకు మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. అన్‌బౌండ్ గంట నుంచి ఒక రోజు దాకా తేడాను సహిస్తుంది, ఆపైన సహించదు. రూట్ జోన్ సంతకమే ఇంకా మొదలు కాలేదని తేల్చి, సంతకాలు లేని డొమైన్లతో సహా అన్నిటికీ సర్వ్‌ఫెయిల్ ఇస్తుంది. నెట్ నుంచి టైము సరిచేయాల్సిన ఎన్‌టీపీ కూడా సర్వర్ పేరు దొరక్క ఆగిపోతుంది. టైము లేక డీఎన్‌ఎస్ రాదు, డీఎన్‌ఎస్ లేక టైము రాదు.

దీనికన్నా ప్రమాదం తర్వాత ఉంది. టైము 20 రోజులు వెనక ఉన్నప్పుడు క్యూలో చేరిన మెయిల్‌కు ఆ పాత తేదీయే పడుతుంది. టైము సరికాగానే అది 20 రోజుల పాత మెయిల్ అవుతుంది. అప్పుడు అవతలి సర్వర్ ఒక్కసారి తాత్కాలికంగా కాదన్నా సరే, 5 రోజుల గడువు దాటిందని పోస్ట్‌ఫిక్స్ దాన్ని బౌన్స్ చేసేస్తుంది.

పరిష్కారం డీఎస్3231 ఆర్‌టీసీ మాడ్యూల్. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరికే రకమే. 3.3 వోల్టులు పిన్ 1కి, ఎస్‌డీఏ పిన్ 3కి, ఎస్‌సీఎల్ పిన్ 5కి, గ్రౌండ్ పిన్ 9కి. 5 వోల్టులకు కలపొద్దు. పై పిన్నులు 3.3 వోల్టులవే, పైగా పెద్ద నీలం బోర్డులో చార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది, చార్జ్ చేయకూడని సీఆర్2032 సెల్‌ను కూడా అది చార్జ్ చేస్తుంది. బూట్ ఫర్మ్‌వేర్ కాన్ఫిగ్ ఫైల్లో మాడ్యూల్‌తో మాట్లాడే ఐ2సీని ఆన్ చేసి, ఐ2సీ-ఆర్‌టీసీ ఓవర్‌లేను (ఇది డివైస్ ట్రీ ఓవర్‌లే, పైన చెప్పినది కాదు) డీఎస్3231 పేరుతో చేర్చాలి. ఐ2సీ డిటెక్ట్‌లో 68 కనిపిస్తే వైరింగ్ సరిగ్గా ఉన్నట్టు. డ్రైవర్ పట్టుకున్నాక అక్కడ యూయూ అని వస్తుంది. తర్వాత ఫేక్ హెచ్‌డబ్ల్యూక్లాక్‌ను తీసేసి, సరైన టైమును ఆర్‌టీసీలోకి రాయాలి. ఇదంతా రూట్ ఓవర్‌లే ఆపి చేయాలి, లేకుంటే రీబూట్‌తో చేసిందంతా పోతుంది. పరీక్ష సులువు: నెట్ కేబుల్ పీకి, పవర్ తీసి, మళ్లీ పెట్టి, డేట్ చూడటమే. ఈ చిప్ తేడా 40 డిగ్రీల దాకా 2 పీపీఎం (పది లక్షల్లో 2 వంతులు), ఆపైన 3.5. మన ఎండలకు డబ్బా లోపల 40 దాటడం ఖాయమే గానీ, అప్పుడు కూడా ఏడాదికి రెండు నిమిషాల లోపే.

సెల్ అయిపోయిన రోజు కోసం అన్‌బౌండ్‌లో ఎన్‌టీపీ డాట్ ఓఆర్‌జీని డొమైన్-ఇన్‌సెక్యూర్‌గా చేర్చాం. ఆ ఒక్క డొమైన్‌కే సంతకాల తనిఖీ ఉండదు కనుక చిక్కుముడి అక్కడ తెగుతుంది. టైము సింక్ అయ్యేదాకా పోస్ట్‌ఫిక్స్‌ను ఆపే పద్ధతి కూడా ఉంది, కానీ నెట్ రాకపోతే లోకల్ మెయిల్ కూడా ఆగిపోతుంది. అందుకే వద్దనుకున్నాం.

ఓవర్‌లే తెచ్చిన ఇంకో తంటా, రూట్ జోన్ సంతకాలను సరిచూసే రూట్ కీ ఫైలు. కొత్త రూట్ కీని నమ్మడానికి అన్‌బౌండ్ 30 రోజులు గమనించి, ఆ లెక్కను అందులో రాసుకుంటుంది. రీబూట్ అయినప్పుడల్లా అది చెరిగిపోతే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. కొత్త కీ 2025 జనవరి నుంచి రూట్ జోన్‌లో కనిపిస్తోంది, 2026 అక్టోబర్ 11 నుంచి దానితో సంతకాలు చేయాలన్నది రూట్ జోన్ బాధ్యతలు చూసే ఐకాన్ సంస్థ ప్రణాళిక. కాబట్టి అన్‌బౌండ్ లిబ్ డైరెక్టరీని ఎస్ఎస్‌డీ మీదికి బైండ్ మౌంట్ చేశాం.

లైను ఊగిసలాడేటప్పుడు పనికొచ్చేది అన్‌బౌండ్‌లోని సర్వ్-ఎక్స్‌పైర్డ్, అంటే కాలం చెల్లిన జవాబునే ఇచ్చే అమరిక. గడువు 86400 సెకన్లు, క్లయింట్ టైమౌట్ 1800 మిల్లీసెకన్లు పెట్టాం. తాజా జవాబు అంతలోపు రాకపోతే పాతది ఇచ్చేస్తుంది. డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎమ్ఎక్స్ రికార్డులు రోజూ మారేవి కావు కనుక మెయిల్‌కు ఇది చాలు.

చాలామంది హోస్ట్స్ ఫైల్లో ఐపీ రాసేసి సరిపోయిందనుకుంటారు. పోస్ట్‌ఫిక్స్ ఎస్ఎమ్‌టీపీ క్లయింట్ మామూలుగా ఆ ఫైలును చూడదు. హోస్ట్ లుకప్‌ను డీఎన్‌ఎస్, నేటివ్ (హోస్ట్స్ ఫైలును కూడా చూసే పద్ధతి) అని మార్చినా, డీఎన్‌ఎస్ లేదన్నప్పుడే నేటివ్ దగ్గరికి వెళ్తుంది. సర్వ్‌ఫెయిల్ వస్తే అక్కడే ఆగుతుంది.

వచ్చే మెయిల్ వైపు, పంపినవారి డొమైన్ దొరకకపోతే ఇచ్చే కోడ్ 450గానే (తాత్కాలికం, మళ్లీ ప్రయత్నించమని) ఉంచాం. దాన్ని 550కి (శాశ్వత తిరస్కరణకు) మార్చాలన్న ఆత్రం వద్దు. డీఎన్‌ఎస్ తాత్కాలికంగా పలకకపోతే ఎలాగూ 450నే వెళ్తుంది, కానీ రిజాల్వర్ తప్పుగా లేదని చెప్పిన రోజు 550తో మంచి మెయిల్ పోతుంది.

పరీక్షలు మూడు పెట్టాం. డీఎన్‌ఎస్‌సెక్-ఫెయిల్డ్ డాట్ ఓఆర్‌జీకి మెయిల్ పంపితే 4.4.3 రావాలి, ఆ డొమైన్ సంతకాన్ని కావాలనే చెడగొట్టి ఉంచారు. అన్‌బౌండ్‌లో ఒక ఉత్తుత్తి డొమైన్‌ను ఆల్వేస్-ఎన్ఎక్స్‌డొమైన్‌గా పెడితే, సాఫ్ట్ బౌన్స్ (బౌన్స్ కావాల్సిన మెయిల్‌ను క్యూలోనే ఆపే అమరిక) వల్ల 5.4.4 బదులు 4.4.4, సాఫ్ట్‌బౌన్స్ అని రావాలి. బయటికి పోయే 53వ పోర్టును, యూడీపీ, టీసీపీ రెండింటినీ, ఫైర్‌వాల్‌లో డ్రాప్ చేసి, ఇంతకుముందు ఎప్పుడూ వెతకని డొమైన్‌కు పంపితే మళ్లీ 4.4.3. పరీక్ష సాగినంతసేపు సాఫ్ట్ బౌన్స్ ఆన్‌లో ఉంచాలి, అయ్యాక మరిచిపోకుండా తీసేయాలి. మూడూ అనుకున్నట్టే వచ్చాయి.

లైను తిరిగొచ్చాక క్యూ మొత్తాన్ని ఒక్కసారిగా ఫ్లష్ చేయొద్దు. తొందరున్న మెయిల్ ఒక్కదాన్ని దాని క్యూ ఐడీ ఇచ్చి పోస్ట్‌క్యూ మైనస్ ఐతో కదిలిస్తే చాలు, మిగతావి వాటి టైముకు అవే పోతాయి. పంపిన డొమైన్ నిజమో కాదో తేల్చే తనిఖీలైన ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో మొదటిదాని టెంప్‌ఎర్రర్, రెండోదాని కీ వెతుకులాటలో వచ్చే తాత్కాలిక వైఫల్యాలు ఇంకా పరీక్షించలేదు. అవి వచ్చే విడతలో.