పాత పికప్‌కు కొత్త డీజిల్ గొట్టాలు: నాలుగు ఆదివారాల పని

భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి మా నాన్నగారు పదిహేనేళ్లపాటు రొయ్యల లోడు తోలిన డీజిల్ పికప్ ఇప్పుడు మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఉంది. దాన్ని మళ్లీ రోడ్డెక్కే స్థితికి తీసుకురావడమే కొంతకాలంగా నా ఆదివారాల వ్యాపకం. ఇది కామన్ రైల్ (కంప్యూటరు అదుపులో నడిచే నేటి డీజిల్ ఇంజెక్షన్ పద్ధతి) రాకముందటి బండి. ఇంజనులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు ఒత్తిడితో డీజిల్ పంపే ఇన్‌లైన్ పంపు, దాని పక్కనే ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, దానికి చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే ప్రైమరు, వైరింగుతో పని లేని ఇంధన వ్యవస్థ. ఇంజను ఇప్పటికీ బాగానే ఉంది. పాడైనదంతా కింది భాగమే, ఎందుకంటే రొయ్యల ట్రేలలో కరిగిన ఐసునీరు ఉప్పుతో కలిసి ప్రతి ట్రిప్పులోనూ తొట్టి చెక్కల సందుల్లోంచి ఛాసిస్ మీదికి కారుతూనే ఉండేది.

లక్షణాలు రెండు కనిపించాయి. ఉదయం అయిదారు సార్లు సెల్ఫ్ కొడితే గాని ఇంజను అందుకునేది కాదు, అందుకున్నాక కూడా కాసేపు ఊగిసలాడేది; వంతెన ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు ఎంత తొక్కినా లాగేది కాదు. దాంతోపాటు ట్యాంకుకు దగ్గరలో ఒక గొట్టం ఎప్పుడూ డీజిల్ తడితో నల్లగా మెరుస్తూ ఉండేది. తడి ఉన్నచోటే లోపం ఉంటుందని భావించి మొదటి ఆదివారం పూర్తిగా ఆ ఒక్క గొట్టానికే వెచ్చించాను. అది ఇంజెక్టర్ల దగ్గర మిగిలిన డీజిల్‌ను ట్యాంకుకు తిరిగి తెచ్చే రిటర్న్ గొట్టం. తుప్పు తిన్న భాగాన్ని కోసి, తాత్కాలికంగా రబ్బరు హోసుతో కలిపాక కారడం ఆగింది గాని, మర్నాటి ఉదయం స్టార్టింగులో ఏ మార్పూ లేదు.

కారణాన్ని మా వీధి చివరి మేస్త్రిగారు ఒక్క మాటలో తేల్చారు. "తడిగా ఉన్న గొట్టం కాదు బాబూ, పొడిగా ఉన్నది చూడు," అన్నారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా వచ్చే గొట్టంలో డీజిల్‌ను పంపు పీల్చుకుంటుంది కాబట్టి అక్కడ సూదిమొన అంత రంధ్రం పడినా డీజిల్ బయటికి రాదు, బయటి గాలే లోపలికి పోతుంది. బండి రాత్రంతా ఆగి ఉన్నప్పుడు ఆ రంధ్రంలోంచి చేరిన గాలి వల్ల గొట్టంలోని డీజిల్ మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది, ఉదయం సెల్ఫ్ కొట్టినప్పుడు పంపుకు ముందు అందేది ఆ గాలే. నేలమీద ఒక్క చుక్క మరక కూడా లేకుండా ఇంజను సతాయిస్తూ ఉంటే మొదట అనుమానించవలసింది ఈ గొట్టాన్నే.

అనుమానాన్ని రుజువు చేసుకోవడానికి రెండు పరీక్షలు చేశాను. ముందుగా ఫీడ్ పంపుకు వచ్చే చోట ఒక జానెడు పారదర్శకమైన హోసు పెట్టి ఇంజను నడిపితే, ఆవగింజల్లాంటి బుడగలు వరుసగా పోతూ కనిపించాయి, వేగం పెంచినకొద్దీ అవి దట్టమయ్యాయి. తరువాత ట్యాంకు గొట్టాన్ని పక్కకు తప్పించి, శుభ్రమైన అయిదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి పంపుకు నేరుగా అక్కడి నుంచే అందించాను. రాత్రంతా అలాగే ఉంచినా ఉదయం మొదటి సెల్ఫుకే ఇంజను అందుకుంది. అంటే పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్లు అన్నీ బాగున్నట్టే, లోపం ట్యాంకుకూ పంపుకూ మధ్యనే ఉన్నట్టు. ఈ డబ్బా పరీక్ష చేయకుండా పంపు విప్పించుకుని డబ్బు ఖర్చు పెట్టుకోవద్దని ఇలాంటి బండి ఉన్న ప్రతివారికీ చెబుతాను.

రెండో ఆదివారం విప్పడానికి సరిపోయింది. వెనుక చక్రాలను జాకీతో లేపి, రెండు పక్కలా స్టాండ్లు పెట్టి, జాకీని మళ్లీ దించి బరువంతా స్టాండ్ల మీదే పడేలా చూసుకున్న తరువాతే కిందికి దూరాను. బ్యాటరీ నెగటివ్ తీసేశాను. పెట్రోలులాగా డీజిల్ అంటుకోదన్న ధీమా చాలామందిలో ఉంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం డీజిల్ ఫ్లాష్ పాయింటు (నిప్పు తగిలితే దాని ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత) కనీసం 35 డిగ్రీలు ఉంటే చాలు, వేసవి మధ్యాహ్నం మా రేకుల షెడ్డు లోపల అంతకంటే వేడిగానే ఉంటుంది. అందుకే గ్రైండరు జోలికి పోకుండా అన్ని కోతలూ రంపపు బ్లేడుతోనే కోశాను.

గొట్టాన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచే క్లిప్పులు విప్పినప్పుడు అసలు సంగతి బయటపడింది. క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య గొట్టం మీద పాత పెయింటు అక్కడక్కడా ఇంకా ఉంది. క్లిప్పు లోపలి రబ్బరు కింద మాత్రం ఇనుము అటుకుల్లా పొరలు పొరలుగా ఉబ్బి, వేలితో తాకగానే రాలిపోయింది. ఒకచోట పొడి దులిపి టార్చి వేసి చూస్తే సూది గుచ్చినట్టున్న రెండు రంధ్రాలు పక్కపక్కనే కనిపించాయి. గొట్టాన్ని కాపాడవలసిన ఆ రబ్బరే ఉప్పునీటిని పీల్చుకుని, ఎండాకాలంలో కూడా ఆరనివ్వకుండా ఇనుముకు అదిమి పెట్టి ఉంచింది. కాబట్టి పాత గొట్టాలను పరీక్షించేవారు కనిపించే భాగం చూసి తృప్తిపడకుండా కనీసం రెండు మూడు క్లిప్పులైనా విప్పి చూడాలి.

కొత్త గొట్టం ఏ లోహంతో వేయాలన్న దాని మీద నేను ఎక్కువ సమయం పెట్టాను. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే, సులువుగా వంగుతుందని మొదట రాగి గొట్టం చూపించారు. రాగి తగిలిన డీజిల్ త్వరగా ఆక్సీకరణ చెంది జిగురు కడుతుంది, పైగా ఇంజను అదురుకు రాగి బిరుసెక్కి పగులుతుంది. వాషర్ల వంటి చిన్న ముక్కలతో ఇబ్బంది లేదు గాని మూడు మీటర్ల గొట్టం రాగితో వేయకూడదు. జింకు పూత ఉన్న జీఐ గొట్టం కూడా పనికిరాదు, ఎందుకంటే డీజిల్‌లోని ఆమ్లాలతో జింకు కలిసి సబ్బు వంటి పదార్థమై ఇంజెక్టర్ల దాకా చేరుతుంది. మామూలు ఉక్కు గొట్టం చవకే అయినా ఈ బండికి పట్టిన గతి దానికీ పడుతుంది. నైలాన్ గొట్టానికి తుప్పు భయం లేదు గాని, ఈ బండిలో దారి సైలెన్సరుకు మరీ దగ్గరగా పోతుంది. చివరికి 316 రకం స్టెయిన్‌లెస్ గొట్టం తీసుకున్నాను. అందులో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉండడం వల్ల 304 రకం కంటే ఉప్పుకు బాగా తట్టుకుంటుంది. పంపుకు వెళ్లే గొట్టం 8 మిల్లీమీటర్లది, రిటర్న్‌ది 6 మిల్లీమీటర్లది, రెండింటి గోడ మందమూ 1 మిల్లీమీటరు. ఆరు మీటర్ల నిడివిలోనే అమ్ముతారు కనుక, వంపుల్లో పొరపాటు జరిగినా ఒక్కొక్క దానికి రెండో అవకాశం మిగిలింది.

మూడో ఆదివారం వంపులు వేశాను. పాత గొట్టాన్ని ముక్కలు చేయకుండా నేలమీద పరిచి, లావుపాటి జీఐ తీగను దాని ప్రకారం వంచి నమూనాగా పెట్టుకున్నాను. వంపు వ్యాసార్ధం గొట్టం వ్యాసానికి మూడు రెట్లకు తగ్గకుండా బెండరుతో వంచాలి. నొక్కుకుపోకుండా ఇసుక నింపే పద్ధతి ఇంధన గొట్టాలకు వద్దు, ఒక్క రేణువు మిగిలినా అది పంపుకు చేటు. కోసిన అంచుల లోపలి గరుకును ఆకురాయితో తీసి, గొట్టాలను డీజిల్‌తో కడిగి, టైర్ల షాపులో గాలి కొట్టించి తెచ్చుకున్నాను.

చివర్లకు రెండు ఫెర్రూళ్ల (నట్టు బిగించినప్పుడు గొట్టాన్ని చుట్టూ పట్టేసే చిన్న లోహపు రింగుల) ఫిట్టింగులు వేశాను. ఈ సైజులకు నట్టును వేళ్లతో బిగిసేదాకా తిప్పి, మార్కరుతో ఒక గీత పెట్టి, అక్కడి నుంచి స్పానరుతో సరిగ్గా ఒకటింపావు చుట్టు బిగించాలి. మొదటిదాన్ని నేను అనుమానంతో ఇంకో అరచుట్టు ఎక్కువ బిగించాను, ఫెర్రూలు వంకరపోవడంతో కోసి మళ్లీ వేయవలసి వచ్చింది. ఇంజను రబ్బరు మౌంట్ల మీద అదురుతుంది కాబట్టి ఛాసిస్ గొట్టానికీ ఫీడ్ పంపుకూ మధ్య నైట్రైల్ రబ్బరు హోసు తప్పనిసరి. ట్యాంకు దగ్గరి బాంజో బోల్టుకు (లోపల డీజిల్ పోయే రంధ్రం ఉన్న బోల్టు) కొత్త రాగి వాషర్లు వేశాను. క్లిప్పులు మాత్రం రబ్బరువి కాకుండా, నీరు నిలవని ప్లాస్టిక్ రకం వాడి 40 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున బిగించాను. స్టెయిన్‌లెస్ అయినా సందులో ఉప్పు నిలిస్తే గుంటలు పడుతుంది.

నాలుగో ఆదివారం ఎయిర్ తీశాను, అంటే గొట్టాల్లో చేరిన గాలిని బయటికి పంపాను. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి ప్రైమరు కొడుతూ ఉంటే మొదట ఉత్త గాలి చప్పుడు, తరువాత చిటపటమంటూ తెల్లటి నురుగు, ఎనభై తొంభై దెబ్బల తరువాత ఒక్క బుడగ కూడా లేని ధార వచ్చింది. అప్పటికి పిడి కూడా చేతికి బరువుగా తగలసాగింది. అదే విధంగా ఇన్‌లైన్ పంపు స్క్రూ దగ్గర కూడా గాలి తీసి, ప్రైమరు పిడిని తిరిగి బిగించి సెల్ఫ్ కొడితే రెండోసారికి ఇంజను అందుకుంది. పారదర్శక హోసులో బుడగలు లేవని చూసుకున్నాకే దాన్ని తీసి అసలు హోసు వేశాను.

మరునాడు ఉదయం తొలి సెల్ఫుకే స్టార్టయింది. నరసాపురం దాకా వెళ్లి వచ్చాక ప్రతి నట్టునూ పొడి గుడ్డతో తుడిచి చూశాను, ఎక్కడా తడి అంటలేదు. అదే చేత్తో ఛాసిస్ రెండో పక్కన బ్రేకు గొట్టం మీది పాత క్లిప్పు ఒకటి విప్పాను. రంధ్రం ఇంకా పడలేదు గాని, దాని కింద కూడా ఇనుము అటుకుల్లాగే ఉబ్బి ఉంది. కొలతలు తీసుకుని రాగి-నికెల్ బ్రేకు గొట్టానికి ఆర్డరు ఇచ్చాను. అది వచ్చి, వేసి, బ్రేకు ఆయిల్‌లో గాలి తీసేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది.