గోవిందరాజస్వామి గుడి చుట్టూ అంగళ్లు: చూసి కొనండి

తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడికి నడిచే పోవచ్చు. ఆ ఇరుకు వీధుల్లోకి బండి తీసుకెళ్తే దాన్ని బయటికి తేవడమే పెద్ద పని. ఎండాకాలంలో సాయంత్రం 5 దాటాక బయల్దేరండి. వైశాఖంలో బ్రహ్మోత్సవాలప్పుడు స్వామి వాహనం మాడవీధుల్లో వచ్చే వేళకు నిలబడడానికే చోటుండదు, బేరాలు అప్పుడు కుదరవు.

ఇత్తడి సామాను ఆఖర్న కొనండి, లేకపోతే ఆ బరువు మోస్తూ తిరగాలి. విగ్రహానికి ఇంత అని చెబితే ఒప్పుకోకుండా కిలో ఎంతో అడిగి తూకం వేయించండి. వేయించే ముందు తిరగేసి అడుగు చూడండి. అడుగు మూసేసి ఉంటే లోపల మైనమో మట్టో ఉండొచ్చు, దానికీ ఇత్తడి ధరే కడతారు. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. అంటుకుందంటే పైన పూత, లోపల ఇనుము. అంటుకోలేదని సంబరపడొద్దు, అల్యూమినియానికీ అది అంటదు. చేతికి తేలిగ్గా ఉంటే అనుమానించాల్సిందే. ఇక 'పంచలోహం' అన్న మాట. అంగట్లో నిలబడి కంటితో తేల్చే దారి లేదు కాబట్టి ఇత్తడి ధరకే బేరమాడండి.

శ్రీకాళహస్తి కలంకారీ అని చూపే గుడ్డల్లో స్క్రీన్ ప్రింట్లూ కలుస్తాయి. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూడండి. కలంతో గీసినవైతే కనుబొమ్మ దగ్గరో వేలి దగ్గరో తేడా కనిపిస్తుంది, అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటే ప్రింటే. చేత్తో వేసినదానికి రంగు వెనక్కి కూడా దిగుతుంది. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెడతారు గనక కొత్తగా ఉన్నప్పుడు కాస్త వాసన కూడా వస్తుంది. దానికి ముఖం చిట్లించక్కర్లేదు. మొదటిసారి విడిగా, చన్నీళ్లలో జాడించి నీడలో ఆరేయాలి.

రాజా రాణి కొయ్యబొమ్మలు ఎర్రచందనమే అంటే బరువు చూడండి, ఆ చేవ నీళ్లలో మునుగుతుంది. తేలిగ్గా ఉంటే వేరే కొయ్యకు రంగు వేసినట్టే. నిజంగా ఎర్రచందనమే అయితే బిల్లు లేకుండా ఇల్లు చేర్చుకోవద్దు.

తులసిమాలలో పూసలు 108, మేరుపూస విడిగా, అక్కడే లెక్కపెట్టుకోండి. నామం మధ్య ఎర్రగీతకు వాడే తిరుచూర్ణం పసుపు, సున్నం కలిపి చేసినదైతే నిమ్మరసం చుక్క పడ్డచోట పసుపురంగు తేలుతుంది, ఉత్త రంగుపొడి అయితే అలా మారుతుందని నమ్మలేం. తెల్లనామానికి వాడే నామంగడ్డను మాత్రం కాగితంలో గట్టిగా చుట్టించండి, దారిలో పొడి రాలి చీరల సంచంతా తెల్లబడుతుంది.